రాయని నోట్సుకు భయపడి బడి మానొద్దు

(సంక్రాంతి పండగ తర్వాత కోసిగిలో తల్లిదండ్రులు, పదో తరగతి పిల్లలు, యువకులు కూడిన ఒక సాయంకాలం ఉపాధ్యాయుడొకరు మాట్లాడిన మాటలివి. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాము.)



మూటలు కట్టుకునే పొద్దులో పిలిచినాను. తిట్టుకోవద్దండి. పత్తి సుగ్గి నుంచి పండక్కి వచ్చినోళ్లు మళ్లీ మిరపకాయల సుగ్గికి గుంటూరు దిక్కు పోతాండారని నాకు తెలుసు. కొందరికి రేపు తెల్లారకముందే ఐచర్ బండి ఉండాదని కూడా తెలుసు. అందుకే ఈ రాత్రే మాట్లాడాలనుకున్నాను. భూమి గురించి కాదు, ఓటు గురించి కాదు, ఈ పొద్దు రిజర్వేషన్ గురించి కూడా కాదు. నోటుబుక్కు గురించి. రాయకుండా వదిలేసిన నోటుబుక్కు గురించి.

"ఇదేం ముచ్చటప్పా, ఇంతమందిని కూడేసి" అని ఆ వెనకల ఎవరో అనుకుంటాండారు. అనుకోండి. విన్నాక చెప్పండి.

పండగ సెలవులు అయిపోయి బడి తెరిచినారు. పదో తరగతి హాజరుపట్టీ తీసి పిలిస్తే చాలా పేర్లకు పలుకు లేదు. పిల్లలు ఊర్లోకి వచ్చినారు, బడికి రాలేదు. నేను సైకిల్ మోటారు ఏసుకొని ఇండ్లకు పోయినాను. ఒక ఇంటి దగ్గర తల్లి "జ్వరం సార్" అనింది. పిల్ల తలుపు వెనకాల నిలబడి ఉంది, దాని కాళ్లు కనపడతాండాయి. జ్వరం వచ్చిన మనిషి తలుపు వెనక ఎందుకు నిలబడతాది? మూడు రోజులు పోయినాను. మూడో రోజు ఆ పిల్ల బయటికొచ్చి నేల చూసుకుంటా ఒకే మాట అనింది: "సార్, నోట్సు రాయల్యా."

ఆ మాట చెప్పేదానికి మూడు రోజులు పట్టింది దానికి. ఈ పొద్దు ఇక్కడ మీకు చెప్పమని కూడా ఆ పిల్లే అనింది, పేరు మాత్రం చెప్పొద్దనింది. చెప్పను.

లెక్క చూడండి. దీపావళి అయినాక తల్లితో, తండ్రితో పత్తి ఏరేదానికి పోయింది. పండక్కి వచ్చింది. రెండు నెలల పైన. అన్ని సబ్జెక్టులకూ నోటుబుక్కులు తెల్లగా ఉండాయి. అర్ధ సంవత్సర పరీక్ష రాయలేదు. వచ్చిన రోజే స్నేహితురాలి పుస్తకాలు అడిగి తెచ్చుకుంది. సోషల్ నోట్సు ముందు పెట్టుకొని, స్కేలుతో మార్జిను గీసి, ఎర్ర పెన్నుతో ప్రశ్న, నీలం పెన్నుతో జవాబు, ముత్యాల మాదిరి రాయడం మొదలుపెట్టింది. పదకొండు పేజీలు రాసింది. అంతలో స్నేహితురాలు నాకు కావాలని తీసుకుపోయింది. ఇంక మిగిలిన పేజీలు ఎన్నో ఎంచుకొని చూసింది. గుండె జారిపోయింది. రేపు పోదాం బడికి, కొంచెం రాసుకొని పోదాం అనుకుంది. రేపు వచ్చింది. ఆ రేపటికి ఇంకో రోజు పాఠం పెరిగింది. అప్పుడు ఎల్లుండి పోదామనుకుంది.

ఈలోపల తండ్రి ఏమన్నాడు? "బడికి ఎట్లా పోవడం లేదు గదా, మిరపకాయలకు రానీ, ఇంకో చెయ్యి కలుస్తాది." ఆయప్పను తప్పు పట్టేది లేదు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నోడు ఇంట్లో ఎన్ని చేతులున్నాయో లెక్క పెట్టుకుంటాడు. కానీ మిరపకాయల నుంచి వచ్చేసరికి పరీక్షలు అయిపోయి ఉంటాయి. ఆ తర్వాత వేసవి. వేసవిలో పెండ్లిండ్లు. ఆడపిల్ల ఇంట్లో ఖాళీగా ఉంటే మన ఊర్లల్లో ఏమవుతాదో నేను చెప్పాల్నా?

2011 జనాభా లెక్కల్లో చదువొచ్చినోళ్లు తక్కువగా ఉన్న మండలాల్లో కోసిగి రాష్ట్రంలోనే అట్టడుగు వరసలో ఉండాది. వానలు లేవు, నీళ్లు లేవు, తుంగభద్ర పక్కనే పారతా మన చేనికి రాదు, సుగ్గి తప్పదు, పేదరికం. ఇవన్నీ నిజమే, సభల్లో అందరం చెప్తాము. కానీ ఆ పిల్ల బడి గడప దగ్గర ఆగింది వానల్లేక కాదు. నోట్సు చూపించమంటే ఏం చూపించాలని ఆగింది. పేదరికం పిల్లను గుంటూరు దాకా తీసుకుపోయింది. వెనక్కి వచ్చినాక బడికి రానీకుండా చేసింది మాత్రం సిగ్గు. ఇరవై ఏండ్ల దగ్గర నుంచి పాఠాలు చెప్తాండా, ఫెయిలై మానినోళ్ల కంటే ఇట్లా మొహం చూపించలేక మానినోళ్లనే ఎక్కువ మందిని చూసినాను.

మనకు అప్పు సంగతి తెలుసు. సావుకారికి బాకీ ఉంటే ఏం చేస్తాము? ఆయన అంగడి ముందర పోకుండా వెనక సందులో పోతాము. పది రోజులు అట్లా పోతే పదకొండో రోజు ఎదురు పడేదానికి ఇంకా భయం. అసలు అంతే ఉంటాది, వడ్డీ పెరగతాది. రాయని నోట్సు గూడా అట్లాంటి బాకీనే. కాకపోతే ఒక తేడా ఉండాది. సావుకారి వడ్డీ ఆయన రాస్తాడు. ఈ వడ్డీ మన మనసులో మనమే రాసుకుంటాము.

నా సంగతి చెప్తా. మా నాయన చెప్పులు కుట్టేవాడు. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కినోణ్ణి నేనే మొదలు. ఆదోనిలో డిగ్రీ చదివేటప్పుడు బాటనీ రికార్డు అని ఒకటి ఉండేది. వారం వారం మొక్కల బొమ్మలు వేసి సంతకం పెట్టించుకోవాల. రికార్డు పుస్తకం కొనేదానికి డబ్బుల్లేక మొదటి మూడు వారాలు పోయినాయి. ఇది నా తప్పు కాదు. తర్వాత డబ్బులొచ్చినాయి, పుస్తకం కొన్నాను, అయినా వేయలేదు. ఇది నా తప్పే. హాస్టల్లో పడుకొని రేపు వేస్తాలే అని తొమ్మిది వారాలు జరిపినాను. ఒక అయ్యవారు అందరి ముందర "మీకెందుకురా ఈ సైన్సులు" అన్నాడు. మీకు అంటే ఎవరికో మీకు తెలుసు. ఆ మాట పడినాక ల్యాబు ఉన్న రోజు నేను పత్తి మార్కెట్టు దిక్కు పోయి బండ్లు చూసుకుంటా కూర్చునేవాణ్ణి. నాలుగు వారాలు అట్లనే. డిగ్రీ ఇడిసిపెట్టి ఊరికి వచ్చేదానికి బస్సు ఛార్జీ కూడా పక్కన పెట్టుకున్నాను.

ల్యాబు అటెండరు ఒకాయన నన్ను మార్కెట్టు దగ్గర పట్టుకున్నాడు. ఆయన పెద్ద మాటలు చెప్పలేదు. "ఎన్ని బొమ్మలుండాయి నీ దగ్గర?" అన్నాడు. మూడు అన్నాను. "మూడే ఎత్తుకొని రా" అన్నాడు. మూడు బొమ్మలతో పోయినాను. తిట్లు పడినాయి. తిట్లు అయిపోయినాక నాలుగో బొమ్మ వేసినాను. అంతే జరిగింది. అట్లా జరిగింది కాబట్టి ఈ పొద్దు మీ ముందర సార్ అనిపించుకుంటాండా.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటా. ఈ సంచిలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు ఉండాయి, పది రోజుల నుంచి. పిల్లలారా, నవ్వొద్దండి.

మనోళ్ల పిల్లలు సోమరులంటారు కొందరు. ఊర్లో అంటారు, స్టాఫు రూములో కూడా అంటారు. పొద్దు పొడవక ముందే చేన్లో దిగి పొద్దు గూకే దాకా పత్తి ఏరే పిల్ల సోమరి అయితే, ఏసీ కారులో బడికి పోయే పిల్లను ఏమనాల? సుగ్గికి పోయేది మాదిగోళ్లు, మాలోళ్లు, బోయోళ్లు, కురుబోళ్లు, భూమి లేనోళ్లు, ఉన్నా నీళ్లు లేనోళ్లు. పిల్లల నోటుబుక్కుల్లో ఎవరివి తెల్లగా ఉంటాయో చూస్తే కులం, చేను రెండూ తెలుస్తాయి. అంత మాత్రాన మన తట్టు తప్పే లేదని నేను అనను. సుగ్గికి పోకుండా ఇంటి దగ్గరే ఉన్న మగపిల్లలు ఉన్నారు. రైల్వే స్టేషన్ దిక్కు క్రికెట్టు, రాత్రంతా ఫోను. నోట్సేదిరా అంటే "సుగ్గి సార్" అంటారు. ఒరే, మీ అక్క పోయింది సుగ్గికి, నువ్వు కాదు. సుగ్గిని అడ్డం పెట్టుకునేది ఇంక చాలు.

బాబాసాహెబ్ సంగతి చెప్పకుండా మన కూటమి ముగియదు. ప్రతి ఏప్రిల్ 14కు ఆయన డిగ్రీలన్నీ వరసగా చదువుతాము. ఆ డిగ్రీల్లో ఒకటి ఎన్ని ఏండ్లు బాకీ పడిందో ఎవరూ చెప్పరు. వినండి.

1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో అమెరికాకు పోయి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివినాడు. 1916లో అక్కడి నుంచి లండన్‌కు పోయి ఒక పక్క అర్థశాస్త్రం, ఒక పక్క బారిస్టరు చదువు మొదలుపెట్టినాడు. ఏడాది తిరగకముందే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. 1917లో చదువు సగంలో వదిలి వెనక్కి రావాల్సి వచ్చింది. నాలుగేండ్ల లోపల తిరిగొచ్చి పూర్తి చేసుకోవచ్చని విశ్వవిద్యాలయం గడువు ఇచ్చింది. అది మొదటి ప్రపంచ యుద్ధం కాలం. ఆయన ఒక ఓడలో వచ్చినాడు, పుస్తకాల పెట్టెలు ఇంకో ఓడలో వేసినారు. ఆ ఓడను టార్పెడోతో ముంచేసినారు. సముద్రం పాలు. ఆలోచించండి, ఒక చదువుకునే మనిషికి ఏండ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలు పోవడం అంటే ఏమి!

బరోడాలో ఉద్యోగానికి చేరితే అంటరానోడని ఇల్లు ఇచ్చినోడు లేడు. పార్శీ సత్రంలో దిగితే కట్టెలు పట్టుకొని వచ్చి తరిమినారు. బొంబాయికి వచ్చి 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరు అయినాడు. జీతంలో మిగిలిచ్చుకున్నాడు, కొల్హాపూరు షాహూ మహారాజు కొంత ఇచ్చినాడు, నావల్ భతేనా అనే పార్శీ స్నేహితుని దగ్గర అప్పు తెచ్చినాడు. 1920లో, గడువు ఇంకొక్క ఏడాది ఉందనగా మళ్లీ లండన్‌కు పోయినాడు. 1921లో ఎం.ఎస్సీ. 1922లో రూపాయి సమస్య మీద సిద్ధాంత గ్రంథం ఇచ్చినాడు. పరీక్షకులు మార్చి రాయమన్నారు. చేతిలో డబ్బుల్లేవు, బొంబాయికి వచ్చి మార్చి రాసి పంపినాడు. 1923లో డి.ఎస్సీ. వచ్చింది.

ఆయన బద్దకంతో వాయిదా వేసినోడు కాదు, నాకు తెలుసు. మన పిల్లోడి క్రికెట్టుకూ దానికీ పోలిక లేదు. నేను చెప్పేది వేరే. మూడేండ్లు చదువు తెగిపోయింది. ఆ మూడేండ్ల తర్వాత ఆ గేటు లోపలికి మళ్లీ నడిచి పోయినాడు. "ఇన్నాళ్లు యాడికి పోయినావు, నీతో చదివినోళ్లు ఎప్పుడో అయిపోయినారే" అనేవాళ్లు ఉంటారని ఆగలేదు. మునిగిన పెట్టెలు మునిగినాయి, ఇప్పుడు రాయాల్సింది ఏమి అని చూసుకున్నాడు. మన పిల్లకు పోయింది రెండు నెలలు.

మనసు గురించి పరిశోధన చేసేవాళ్లు కూడా ఇప్పుడు ఇట్లాంటిదే చెప్తాండారు. పని వాయిదా వేసేది ఎక్కువసార్లు బద్దకంతో కాదంట. ఆ పని తలుచుకుంటే పుట్టే భయం నుంచి, సిగ్గు నుంచి తప్పించుకునేదానికంట. కెనడాలో కార్ల్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 119 మంది మొదటి ఏడాది విద్యార్థులను చూసి 2010లో ఒక వ్యాసం అచ్చు వేసినారు. మొదటి పరీక్షకు చదవకుండా జరిపినోళ్లలో, పోనీలే అయిందేదో అయిందని తమను తాము క్షమించుకున్నోళ్లు రెండో పరీక్షకు అంతగా వాయిదా వేయలేదు. తిట్టుకుంటా కూర్చున్నోళ్లు మళ్లీ జరిపినారు. తిడితేనే బుద్ధొస్తాది అనుకునే అయ్యవార్లు, అమ్మలు, నాయనలు ఇది కొంచెం చెవిలో వేసుకోండి.

సరే, ఆ పిల్ల దగ్గరికి వస్తా. ఏం చేసినామో చెప్తా, ఎందుకంటే ఇది మీ అందరికీ పనికొచ్చేది.

మొదటి రోజు ఏమీ రాయొద్దన్నాను. ఊరికే వచ్చి కూర్చో, ఈ రోజు పాఠం విను అన్నాను. నోటుబుక్కులో పాత పేజీలు వదిలేసి, కొత్త పేజీ మీద అడ్డంగా గీత గీసి, తేదీ వేసి, నేను సంతకం పెట్టినాను. ఈడ నుంచి నీ నోట్సు మొదలు, దీనికి ముందుది ఎవరూ అడగరు అన్నాను. మిగతా సార్లకు, మేడమ్‌లకు కూడా చెప్పి ఒప్పించినాను. ఒకాయన "అట్లయితే అందరూ అదే అంటారు" అన్నాడు. అననీలే సార్, బడికి వచ్చి అంటారు గదా అన్నాను.

ఇంకో ఇంటి పిల్ల రాసిన నోట్సు చూసి ఎత్తి రాయడం చదువు కాదు. అది చేతికి పని, తలకు కాదు. పాత పాఠాలకు పాఠానికి ఒక పేజీ పెట్టుకున్నాము. పాఠ్యపుస్తకం చదివి, మూసి, గుర్తున్నది ఒక పేజీలో రాయడం. ముత్యాల మాదిరి అవసరం లేదు. మార్జిను కూడా వద్దు. రోజుకు ఒక పాత పాఠం, ఒకటే. రెండు చేస్తా సార్ అంటే వద్దన్నాను, ఎందుకంటే రెండు చేసిన మరుసటి రోజు సున్నా అవుతాది.

ఏది ముందు, ఏది వెనక అని కూడా చూసుకోవాల. లెక్కల్లో త్రికోణమితి ఇప్పుడు జరగతాంది. దానికి సరూప త్రిభుజాలు కావాల, కాబట్టి అది ముందు. మిగతావి ఆగుతాయి. ఆ తర్వాత సాంఖ్యక శాస్త్రం పెట్టుకుందామన్నాను, సగటు, మధ్యగతం, బాహుళకం, తొందరగా వచ్చేది, మార్కులు ఉండేది.

ఇక్కడే ఒక సంగతి జరిగింది. సగటు అంటే ఏమో తెలుసునా అంటే ఆ పిల్ల సంచిలో నుంచి చిన్న పాకెట్టు పుస్తకం తీసింది. అందులో సుగ్గిలో ఉన్నన్ని రోజుల తూకాలు ఉండాయి. రోజూ సాయంత్రం ఎవరెవరు ఎన్ని కేజీల పత్తి ఏరినారో పేర్లతో, తేదీతో రాసిపెట్టింది. ఆ గుంపులో చదువొచ్చింది ఇదొక్కతే. మేస్త్రి లెక్కలో తగ్గించి చెప్తే ఈ పుస్తకం చూపించి అడిగేవాళ్లంట. ఒక వారం ఇద్దరు ముసలమ్మల కూలి తగ్గకుండా కాపాడింది ఆ పుస్తకమే.

నాకు నోట మాట రాలేదు. "నోట్సు రాయల్యా" అని మూడు రోజులు తలుపు వెనక దాక్కున్న పిల్ల, రెండు నెలలు ఒక్క రోజు తప్పకుండా రాసింది! రోజంతా ఏరి, వంగి, చేతులు గీరుకుపోయి, టార్చి లైటు వెలుతుర్లో రాసింది. ఒక్క రోజు కూడా రేపు రాస్తాలే అనలేదు. ఎందుకనలేదు? రాయకపోతే ఎవరి కూలి పోతాదో దానికి తెలుసు కాబట్టి. ఆ తూకాలనే తీసుకొని నలభై నుంచి యాభై, యాభై నుంచి అరవై అని తరగతులు చేసి, నల్లబల్ల మీద పౌనఃపున్య పట్టిక వేసినాను. తరగతి మొత్తం ఆ లెక్కే చేసింది. ఆ పిల్ల లేచి నిలబడి సగటు చెప్పింది. బడికి వచ్చిన నాలుగో రోజు ఇది.

మనోళ్ల పిల్లలకు రాయడం చేతకాదనే అయ్యవారికి ఆ పాకెట్టు పుస్తకం చూపించాలని ఉండాది నాకు. చూపిస్తా కూడా.

ఇప్పుడు పెద్దోళ్లకు రెండు మాటలు. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉండాది. ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు అది. మధ్యలో చదువు తెగిన పిల్లను ఈడుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన దానికి ప్రత్యేకంగా నేర్పాలని 4వ సెక్షన్ చెప్తాది. కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు అని 17వ సెక్షన్. నోట్సు లేదని గేటు బయట నిలబెట్టేది తప్పు. మీ పిల్లను నిలబెడితే మీరు నలుగురు కలిసి పోయి అడగండి, ఒక్కరే పోవద్దు. సుగ్గికి పోయినోళ్ల పిల్లలకు ఊర్లోనే వలస హాస్టళ్లు పెట్టే పద్ధతి ఉండాది. అవి దీపావళికి ముందే తెరవాల. బండ్లు పోయినాక తెరిస్తే ఎవరు ఉంటారు లోపల? ఈ అర్జీ మీద ఈ రాత్రి వేలిముద్రలు, సంతకాలు పెట్టి పోండి, కాగితం ఆ బల్ల మీద ఉండాది.

రేపు బండి ఎక్కేవాళ్లకు. పదో తరగతి పిల్లను అవ్వ దగ్గర, చిన్నమ్మ దగ్గర ఇడిసిపెట్టండి. పరీక్షలు మార్చి నెలలో. పాసు కావాలంటే సబ్జెక్టుకు 35 మార్కులు, హిందీకి 20 చాలు. రోజుకు ఒక పాఠం లెక్కన ఇప్పటి నుంచి చదివితే అందుతాది. కూలి డబ్బులు పోతాయి, నిజమే. పోవని నేను అబద్ధం చెప్పను. ఇంట్లో ముసలోళ్లు కూడా లేరు, ఇడిసిపెట్టేదానికి లేదు అనేవాళ్లు నా దగ్గరికి రండి, మన యువకుల ఇండ్లల్లో ఏదో ఒక దారి చూద్దాం. తప్పక తీసుకుపోయే చిన్న పిల్లలకు మూటలో పాఠ్యపుస్తకాలు పెట్టండి. నోటుబుక్కులు ఇక్కడ పెట్టినా పర్వాలేదు.

ఆ పిల్ల తండ్రి ఇక్కడే ఉన్నాడు. నిన్న అడిగితే "చూద్దాం సార్" అన్నాడు. అన్నా, బండి నాలుగు గంటలకు గదా. నేను మూడున్నరకే అక్కడ ఉంటా, టీ తాగుదాం.

యువకులకు ఒకటే పని. రేపు సాయంత్రం ఏడు గంటల నుంచి తొమ్మిది దాకా అంబేద్కర్ కమ్యూనిటీ హాలు తెరిచి ఉంటాది. తాళం నా దగ్గర ఉండాది. బల్బు పోయింది, ఎవరైనా ఒకటి తెండి. ఇంటరు, డిగ్రీ చదివినోళ్లు వంతులు వేసుకొని కూర్చోండి. పిల్లలు పుస్తకాలు తెచ్చుకోండి. రాసినవీ తెండి, రాయనివీ తెండి. నేను కూడా ఈ సంచి తెచ్చుకొని ఒక మూల కూర్చొని పేపర్లు దిద్దుకుంటా.

జై భీమ్.